వికీ పుటలయందు శీర్షికలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నాకు ముందు మాటాడినవారు పండితులు, ఉపాధ్యాయులు. నేను సహకార సంఘమున జమాఖర్చులు వ్రాసికొను లెక్కలవాడను. మా తండ్రిగారు ఈ యూరికి కరణముగా ఉండిరి. 1984లో కరణీకములు రద్దయినప్పుడు నేను బడికి పోవు బాలుడను. ఉద్యోగము పోయినను దస్త్రమును పొందికగా ఉంచు అలవాటు మా యింటినుండి పోలేదు. భారత భాగవతములను నేను గురుముఖమున చదువలేదు. సాయంకాలము లెక్కలు కట్టివేసిన తరువాత, ఈ గ్రంథాలయపు బల్లమీద నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, తప్పులు చదువుచు, తప్పులు దిద్దుకొనుచు నేర్చినవాడను. కావున నా మాటలలో పాండిత్యమును వెదకవలదని మొదటనే మనవి చేయుచున్నాను.

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయము వికీ పుటలయందు శీర్షికలు పెట్టు పద్ధతి. ఆ మాట వినగానే, "బాబాయిగారూ, శీర్షిక పెట్టుటకు కూడ ఉపన్యాసమా?" అని మా వీధి కుఱ్ఱవాడొకడు నవ్వెను. నవ్వదగినదే. రెండేండ్ల క్రిందట నేనును నవ్వినవాడనే. ఆ నవ్వు నాకెట్లు పోయినదో చెప్పుటకే ఇప్పుడు నిలుచుంటిని.

వికీ అనునది హవాయి దీవుల భాషలో 'త్వరితము' అను అర్థము గల మాట. 1995లో అమెరికాలో వార్డ్ కన్నింగ్‌హామ్ అను నాయన, చదువరులే తెఱచి దిద్దుకొనదగిన పుటలను కల్పించి వానికి ఆ పేరు పెట్టెను. 2001 జనవరిలో ఆంగ్లమున వికీపీడియా మొదలయ్యెను. 2003 డిసెంబరులో మన తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. అందలి పుటను ఒకరు మొదలుపెట్టుదురు, వేఱొకరు పెంచుదురు, మఱియొకరు దిద్దుదురు. ఒకరి మొగము ఒకరు చూచి ఉండరు. ఊరు వేఱు, వయస్సు వేఱు, చదువు వేఱు. అయినను పుట ఒక్కటే.

కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు తెలుగువారికి విజ్ఞాన సర్వస్వమును సమకూర్పవలెనని ఎంత శ్రమపడిరో మీ రెఱుగుదురు. 1923లో ఆయన పరమపదించునప్పటికి ఆ మహాకార్యము వర్ణమాలలోని తొలి అక్షరముల కడనే ఉండెను. ఒక మహానుభావుని భుజములమీద నిలిచిన పని ఆయనతో ఆగినది. వేలమంది భుజములమీద నిలుచు పని ఒకరితో ఆగదు. కాని దానికి వేఱొక అపాయము కలదు. ఎవరు ఎక్కడ ఏమి వ్రాసిరో తెలియక సంతలో సామానువలె కలిసిపోవు అపాయమది. దానినుండి పుటను కాపాడునది శీర్షిక.

మన యూరికి తెలుగు వికీపీడియాలో ఒక పుట కలదు. 2011 జనగణన వివరములనుబట్టి తెలుగు గ్రామముల పుటలు అనేకము ఒకే పొందికలో ఏర్పడినవి. విద్యా సౌకర్యాలు, వైద్య సౌకర్యం, తాగు నీరు, భూమి వినియోగం, నీటిపారుదల సౌకర్యాలు, ఉత్పత్తి అను శీర్షికలు వానిలో కానవచ్చును. వీనిని చూచినప్పుడు నాకు మొదట తట్టినది మా లెక్కల పద్దు.

పద్దు అనగా నేమి? సంఘపు పుస్తకమున ఎరువుల అమ్మకమును నేను విత్తనముల పద్దులో వ్రాసితి ననుకొనుడు. సొమ్ము ఎక్కడికిని పోలేదు. కడపటి మొత్తమును సరిపోవును. కాని సంవత్సరాంతమున తనిఖీకి వచ్చినవారు ఎరువుల లెక్క యేది అని అడిగినప్పుడు నా నోట మాట రాదు. ఉన్న సొమ్ము లేనట్లే యగును. విషయమును అట్లే. సత్యమును వ్రాసినంత మాత్రమున చాలదు. వెదకువానికి దొరకు చోట వ్రాయవలెను. దొరకని సత్యము పద్దు తప్పిన సొమ్ము వంటిది.

ఇక శీర్షికను నిలుపు విధానము. వికీ మూలపాఠ్యములో శీర్షిక తన పంక్తిలో తానొక్కటే ఉండవలెను. దానికి ఇరువైపుల రెండేసి సమాన చిహ్నములు పెట్టవలెను. మనము కూడికలో మొత్తమునకు ముందు వేయు గుర్తే యిది.

== విద్యా సౌకర్యాలు ==

ఇట్లు వ్రాసినచో అది విభాగ శీర్షిక యగును. దానికి లోపలి ఉపశీర్షికకు మూడేసి చిహ్నములు, దానికిని లోపలి దానికి నాలుగేసి. ఇట్లు ఆఱు వఱకు పోవచ్చును. ఒక్కొక్క చిహ్నమే పెట్టినచో అది పుట పేరుతో సమానమగు అంతస్తు. పుట పేరు పైన ఉండనే ఉన్నది కనుక దానిని లోపల వాడరాదు. ఇంటికి యజమాని ఒక్కడే యుండవలెను గదా.

ఇందులకు ఫలమేమి యందురా? మూడు ఫలములు. మొదటిది, శీర్షికలు నాలుగు చేరినంతనే సాధారణముగా పుటకు విషయసూచిక తనంత తానే ఏర్పడును. ఎవరును కూర్చొని వ్రాయనక్కఱలేదు. రెండవది, ప్రతి శీర్షిక ప్రక్కను దిద్దుబాటు లంకె ఒకటి నిలుచును. దానిని నొక్కినచో ఆ విభాగమొక్కటే తెఱచుకొనును. క్రొత్తవాడు మొత్తము పుటను చూచి బెదరక, తనకు తెలిసిన నాలుగు మాటలు అక్కడ చేర్చి పోగలడు. మూడవది, చేతిఫోనులలో విభాగములు తఱచు మూసిన తలుపులవలె ఉండును. తలుపుమీది పేరే శీర్షిక. పేరు సరిగా లేనిచో ఏ తలుపు తట్టవలెనో చదువరికి తెలియదు.

ఇది మనకు క్రొత్త సంగతి యని తలంపవలదు. మన పెద్దలు మహాభారతమును పదునెనిమిది పర్వములుగా విభజించిరి. పర్వమనగా కణుపు. మన చెఱకు చేలలో మీరు నిత్యము చూచుచున్న కణుపే. కావ్యమును ఆశ్వాసములుగా పంచిరి. ఆశ్వాసమనగా ఊఱట, చదువరి ఊపిరి తీసికొను చోటు. భాగవతమునకు స్కంధములు పెట్టిరి. స్కంధమనగా చెట్టు బోదె. పేర్లను చూడుడు. కణుపు, ఊపిరి, బోదె. అన్నియు ప్రాణముగల వస్తువుల పేర్లే. విభాగమనగా కోత కాదనియు, పెరుగుటకు ఆధారమనియు ఈ పేర్లవలన నాకు బోధపడినది.

ఆంధ్ర మహాభారతము కథను తలంపుడు. నన్నయగారు పదునొకండవ శతాబ్దమున ఆదిపర్వమును, సభాపర్వమును ముగించి అరణ్యపర్వములో కొంత చెప్పి ఆగిరి. పదుమూడవ శతాబ్దమున తిక్కనగారు ఆ సగము పర్వమును ముట్టక, విరాటపర్వమునుండి మొదలిడి కడవఱకు పదునైదు పర్వములు పూర్తిచేసిరి. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱనగారు మిగిలిన అరణ్యపర్వ శేషమును పూరించి, దానిని నన్నయగారి ప్రభువగు రాజరాజనరేంద్రునికే అంకితము చేసిరి. ముగ్గురును ఒకరినొకరు చూచినవారు కారు. అయినను గ్రంథము ఒక్కటే. ఇది ఎట్లు సాధ్యమయ్యెను? వారి ప్రతిభ మొదటి కారణము, సందేహము లేదు. నా లెక్కల బుద్ధికి తోచిన రెండవ కారణము పర్వవిభాగము. ఎక్కడ ఆగినదో, ఎక్కడ మొదలిడవచ్చునో, ఎక్కడ ఖాళీ ఉన్నదో అందఱకును కనబడుచుండెను. పోతనగారి భాగవతమున సైతము అయిదవ స్కంధమును గంగనగారును, ఆఱవ దానిని సింగనగారును, పదునొకండు పండ్రెండు స్కంధములను నారయగారును చెప్పిరి. స్కంధములే లేకున్నచో ఏ భాగమును ఎవరికి అప్పగింతురు?

రైతు సోదరులకు వేఱే చెప్పనక్కఱలేదు. చెఱకు నాటునప్పుడు కణుపు ఉన్న ముక్కనే నాటుదుము. మొలక కణుపు కడనుండి వచ్చును. నున్నని గడ ఎంత తీయనిదైనను మొలవదు. వికీ పుటలో శీర్షిక అట్టిది. తరువాత వచ్చువాని మాట అక్కడనుండి మొలచును.

ఇంత తెలిసియు నేను చేసిన తప్పును చెప్పెదను.

మన యూరి పుటను పెంచవలెనని గ్రంథాలయపు కుఱ్ఱవారు పూనినప్పుడు నేనును చేయి కలిపితిని. నాకు సమాన చిహ్నముల సంగతి తెలియదు. అక్షరములను లావుగా చేయు గుర్తు ఒకటి ఉన్నదని మాత్రము కనిపెట్టితిని. బడి, ఆసుపత్రి, నీరు, చెఱువు, బ్యాంకు అని ఆయా పేర్లను లావు అక్షరములతో వ్రాసి, క్రింద విషయము వ్రాసితిని. కంటికి ముచ్చటగా నుండెను. నలుగురికి చూపి మురిసితిని.

మన యూరిలో విశ్రాంత ఉపాధ్యాయులొకరు కలరు. నాకు ఎక్కములు నేర్పినవారు. చక్కెరవ్యాధివలన వారికి చూపు పోయినది. ఫోనుతెరమీది వ్రాతను చదివి వినిపించు సాధనముతో వారు వార్తలు, పుస్తకములు వినుచుందురు. మన పుటను వినుడని నేనే గర్వముతో చెప్పి వచ్చితిని. మఱునాడు వారింటికి పోగా వారిట్లనిరి.

"ఏమయ్యా, మీ పుటకు గుమ్మములు లేవేమి? బడిని గూర్చి వినవలెనని నేను కోరితిని. సరిహద్దులనుండి మొదలుపెట్టి, జనాభా దాటి, పంటలు దాటి, అంతయు వినవలసివచ్చినది. నడుమ తలుపు చప్పుడైనను లేదు."

"మాస్టారూ, పేర్లు లావుగా పెట్టితినే" అని నేనంటిని.

"లావు నీకు కనబడును. నాకు వినబడదు గదా" అని వారు నవ్విరి.

ఆ నవ్వు నాకు గ్రుచ్చుకొన్నది. చూపులేనివారి సాధనము శీర్షికనుండి శీర్షికకు దూకగలదు. కాని అది నిజమైన శీర్షిక యగునప్పుడు మాత్రమే. అక్షరములు లావైనంత మాత్రమున దానికి అది శీర్షిక యని తెలియదు. విషయసూచికలోను చేరదు, దిద్దుబాటు లంకెయు రాదు. నేను గుమ్మము కట్టితిననుకొని గోడమీద గుమ్మము బొమ్మ వేసితిని. కన్నులున్నవారు బొమ్మను చూచి మెచ్చుకొనిరి. చేయి చాచి తడుముకొనువారికి గోడయే తగిలినది.

ఆ రాత్రియే కుఱ్ఱవాని ప్రక్కన కూర్చుండబెట్టుకొని అన్నింటిని సమాన చిహ్నములతో మార్చితిని. మఱునాడు మాస్టారు రెండు దూకులలో బడి కడకు చేరిరి. విని, "ఉన్నత పాఠశాలగా మాఱిన సంవత్సరము తప్పు వ్రాసినావు. గుమ్మముకడ శిలాఫలకమున్నది, పోయి చూడుము" అనిరి. పోయి చూచితిని. తప్పే. ఆ తప్పును ఊరిలో ఎఱిగినవారు వారొక్కరే. వారిని ఆ చోటికి రానీయనిది నా వ్రాత. ఇది నా కరణీకమునకే మచ్చ యని తలంచితిని. అక్కడనే నా నవ్వు పోయినది.

అప్పటినుండి శీర్షికల నియమములను శ్రద్ధతో నేర్చికొంటిని. వానిలో ముఖ్యమైనవి చెప్పెదను. ప్రతి నియమమునకును వెనుక ఒక మనుష్యుని కష్టము ఉన్నదని గ్రహింపుడు.

మెట్లు దాటరాదు. రెండు చిహ్నముల శీర్షిక క్రింద మూడింటిది రావలెనే గాని, అక్షరములు చిన్నవిగా కనబడునని నాలుగింటిది పెట్టరాదు. చీకటిలో మెట్లెక్కువానికి నడుమ మెట్టు లేనిచో ఏమగునో తెలిసినదే.

పుట పేరును శీర్షికలో మరల చెప్పరాదు. ఊరి పుటలో "మా యూరి పాఠశాలలు" అననక్కఱలేదు, "పాఠశాలలు" చాలును. ఒకే పుటలో ఒకే శీర్షికను రెండు మాఱులు వాడరాదు. ఒకే వీధిలో రెండిండ్లకు ఒకే సంఖ్య ఉన్నచో ఉత్తరము ఎటు పోవును? శీర్షిక చివర చుక్కలు, రెండు చుక్కలు పెట్టరాదు. శీర్షికలోపల లంకెలను, మూలముల సంఖ్యలను ఇమడ్పరాదు. అవి క్రిందనున్న వాక్యములలో ఉండదగినవి. పుట చివర "ఇవి కూడా చూడండి", "మూలాలు", "బయటి లింకులు" అను విభాగములు ఈ వరుసలో వచ్చుట వాడుక. వరుస మాఱనిచో చదువరి వెదకు పని తగ్గును. చదువరి కాలము వృథాపోరాదని గ్రంథాలయ శాస్త్రమున రంగనాథన్‌గారు 1931లోనే ఒక సూత్రముగా నిలిపిరి. మన బీరువాలమీద అంటించిన చీటీలు ఆ సూత్రమునకు సంతానమే.

క్రింద విషయము లేక శీర్షికను మాత్రము వ్రాసి పోరాదు. విస్తరి వేసి వడ్డింపక పోవుట అతిథికి అవమానము.

శీర్షిక పేరును తోచినట్లు మార్చరాదు. ఇందును నేనొక పెడదారి త్రొక్కితిని. నాకున్న కొలది సంస్కృతపు మక్కువతో "నీటిపారుదల సౌకర్యాలు" అనుదానిని "జలసేచన వైభవము" అని మార్చితిని. చెవికింపుగా నుండెనే గాని, ఎవరును ఆ మాటతో వెదకరు. అంతేకాదు, వేఱొక పుటనుండి మన కాలువల సంగతికి కుఱ్ఱవారొక లంకె వేసియుండిరి. అట్టి లంకె శీర్షిక పేరును పట్టుకొనియే ఆ చోటికి చేరును. పేరు మాఱగానే అది చోటు తప్పి, చదువరిని పుట మొదట విడిచిపెట్టెను. ఇంటి పేరు మార్చి పాత ఉత్తరములు రాలేదని వగచినట్లయినది నా పని. మార్పు నిజముగా అవసరమైనచో, ఆ పేరునకు ఎక్కడెక్కడ లంకెలున్నవో చూచి వానిని గూడ సరిచేయవలెను. వైభవమును తీసివేసి మరల సౌకర్యములను నిలిపితిని. శీర్షిక వ్రాయువాని విద్యను చాటుటకు కాదు, వెదకువాని నోట ఉండు మాట యగుటకు.

మఱియొక సంగతి చెప్పి ముగించెదను. ఇది కొంచెము నొప్పిగల సంగతి. మన చెఱువును గూర్చి రెండు వీధులకు గల వాదము మీ రెఱుగనిది కాదు. ఒక కుఱ్ఱవాడు పుటలో "చెఱువు దోపిడి" అని శీర్షిక పెట్టెను. వానికి పెదతండ్రి కొడుకు దానిని "చెఱువు అభివృద్ధి" అని మార్చెను. ఒక్క సాయంకాలమున అది ఏడు మాఱులు మాఱినది. వికీలో పాతరూపు ఏదియు నశింపదు. చరిత్ర అను మీట నొక్కినచో ఎవరు ఎప్పుడు ఏమి మార్చిరో తేదీతో కనబడును. దస్త్రమున తప్పును గీకివేయరాదు, కొట్టివేసి ప్రక్కన సంతకము చేయవలెనని మా తండ్రిగారు చెప్పెడివారు. ఆ ధర్మమే యిది. అయితే చరిత్రలో అన్నదమ్ముల కోపము గూడ నిలిచిపోయినది. నెలదినములు వారిరువురును మాటాడుకొనలేదు.

అప్పుడు ప్రతి పుటకును ఉన్న చర్చా పుటను తెఱచి, అడుగున క్రొత్త శీర్షిక పెట్టి, "చెఱువు విభాగమునకు పేరు" అని వ్రాసితిమి. ఎవరి పేరును శీర్షిక కెక్కింపలేదు. ఎవరి మాట క్రింద వారు వంకరగీత చిహ్నములు నాలుగు పెట్టి సంతకము చేసిరి. ఒకరి మాటను మఱొకరు దిద్దలేదు. ఇంచుమించు పదిదినములు సాగినది. తుదకు "చెఱువు" అనియే శీర్షిక నిలిచినది. దాని క్రింద "విస్తీర్ణము", "ఆయకట్టు", "మరమ్మతులు" అని మూడు ఉపశీర్షికలు. ప్రతి అంకెకును మూలము చూపవలెనని ఒప్పందము. శీర్షిక వ్యాజ్యమును పిలుచు బంట్రోతే గాని తీర్పు చెప్పు న్యాయాధికారి కాదు. బంట్రోతు పేరు పిలుచుచునే "దొంగ" అని కేకవేసినచో ఆ కచ్చేరీలో న్యాయమునకు చోటుండదు. చెఱువు వాదము ఇంకను తీఱలేదు. కాని అన్నదమ్ములిరువురును ఇప్పుడు ఒకే శీర్షిక క్రింద, ఎవరి అంకెలు వారు తెచ్చి వ్రాయుచున్నారు. ఈ సభకు ఒకే బండిమీద వచ్చిరి. అది చాలును.

సోదరులారా, ఇరువది యైదేండ్ల ఈ గ్రంథాలయమునకు మన పుటలో ఇంతవఱకు ఒక విభాగము లేదు. ఇది నిన్న రాత్రి పుటను చూచుచుండగా నాకు తట్టినది. వెంటనే సమాన చిహ్నములు పెట్టి "గ్రంథాలయము" అని వ్రాయబోయి ఆగితిని. క్రింద విషయము లేని శీర్షిక పెట్టరాదని నేనే గదా చెప్పవలసినది. కావున మీకొక ప్రార్థన. ఈ గ్రంథాలయము మొదలైన నాటి కరపత్రములు, పత్రికలలో వచ్చిన వార్తల కత్తిరింపులు, లెక్కల పుస్తకములు మీ యిండ్లలో ఉన్నచో రేపు సాయంకాలము తెండు. నేను చదువుదును, కుఱ్ఱవారు వ్రాయుదురు. మాస్టారు విని తప్పులు చెప్పెదమని మాట యిచ్చిరి. ముందు విషయము, పిదప శీర్షిక.

 లోపములున్నచో మన్నింపుడు. మన్నించుటతో ఆగక దిద్దుడు. సెలవు.